నా మీద పెట్టిన మూడు చింతపిక్కలు

ఆ ఆదివారం మధ్యాహ్నం వరహాలమ్మ టీచరు గారింట్లో ఉన్నవాళ్ళు ఆరుగురు. ఉద్యోగం నుంచి దిగిపోయినా చేతిలోంచి ఎర్ర సిరా పెన్ను దించని టీచరు గారు, మందుల చీటీ కాక ఇంకేదైనా చదవగలనని చూపించుకోవడానికి వచ్చే కాంపౌండరు సన్యాసినాయుడు, ఊరందరి ఉత్తరాలూ మోస్తూ తనకు మాత్రం ఒక్కటీ రాని పోస్ట్‌మ్యాన్ బైరాగి, ఆశా వర్కరు దాలమ్మ, జీడి ఫ్యాక్టరీ యజమాని కూతురు రోహిణి, గోడవారగా రోహిణి స్నేహితురాలు సుకాంతి. నన్ను కూడా కలిపితే ఏడుగురు. నన్నెవరూ కలపలేదు.

నేను ఒక అనువాద నవలని. నా అట్ట మీద ఒక పడవ బొమ్మ, పడవ మీద పాత నూనె మరక ఉంటాయి. మరక సంగతి తర్వాత చెబుతాను.

నన్ను మొదట ఒడియాలో ఒకాయన రాశాడు. తర్వాత బరంపురం టెలిఫోన్ ఆఫీసులో గుమస్తాగా పనిచేసే ఒకావిడ, నాలుగేళ్ళ పాటు తన భోజనం గంటలో సగం నాకిచ్చి, తెలుగులో మళ్ళీ రాసింది. రాసినాయన పేరు అట్ట మీద బొప్పాయికాయంత అక్షరాల్లో వేశారు. ఆవిడ పేరు లోపలి పేజీలో, ప్రెస్సు చిరునామా కింద, చీమ తలకాయంత వేశారు. ఆవిడ ఆ పేజీని వేలితో ఒకసారి తడిమి మూసేసింది. మనుషులు ఇంకొకరి మాట మోసుకొచ్చినవాళ్ళకు ఇచ్చే చోటు అంతే అని అప్పుడే తెలుసుకోవలసింది. నాకు బుద్ధి ఆలస్యంగా వచ్చింది.

నా కథలో ఒక ముసలమ్మ ఉంటుంది. సరస్సు ఒడ్డున పుట్టి, వేరే భాష మాట్లాడే ఊరికి కోడలిగా వెళ్ళి, నలభై ఏళ్ళు అత్తవారి భాషలోనే వండి, తిట్టి, ఏడుస్తుంది. ఒక జ్వరం తర్వాత ఆ భాష మొత్తం మరిచిపోతుంది. పుట్టింటి మాట ఒక్కటే మిగులుతుంది. అప్పటి నుంచి ఆమె రోజూ ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది. ఇంట్లో ఒక్కరికీ అర్థం కాదు. ఆమె ఏం అడుగుతోందో నా చివరి అధ్యాయంలో ఉంది.

నా మొదటి యజమాని శ్రీకాకుళంలో ఒక వకీలు. పదో పేజీ దగ్గర రైలు టిక్కెట్టు పెట్టి, ఆ తర్వాత పన్నెండేళ్ళు తెరవలేదు. ఇంటికొచ్చినవాళ్ళతో మాత్రం, "గొప్ప నవలండీ" అనేవాడు. ఆయన కొడుకు బీరువా ఖాళీ చేసిన రోజున పాత పేపర్లతో పాటు నేనూ గోనెసంచిలోకి వెళ్ళాను. సంచి కాశీబుగ్గ దగ్గర ఒక బజ్జీల కొట్టులో దిగింది.

బజ్జీలాయన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టే మనిషి. ఆ మాటకొస్తే వకీలు కంటే ఆయనే నయం. అట్ట తిప్పి, లోపలి పేజీ చించి, రెండు మిరపకాయ బజ్జీలు చుట్టి ఎవరికో ఇచ్చాడు. టెలిఫోన్ ఆఫీసు ఆవిడ పేరు అలా లోకంలోంచి పోయింది. పుస్తకం కొన్నవాళ్ళు తమ పేరు రాసుకునే చోటు కూడా ఆ పేజీయే. అదీ పోయింది. ఆ జిడ్డు చేత్తోనే ఆయన నన్ను పక్కకు పెట్టాడు. మరక అప్పటిది.

రెండో పేజీ చిరగకముందే బిలాసిని వచ్చింది. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. జీడి రసం తగిలి ఆమె వేళ్ళ కొసలు నల్లగా ఉంటాయి. ఆమెకు తెలుగు చదవడం రాదు. పడవ బొమ్మ చూసింది. చిలికా సరస్సులో తన నాన్న నడిపిన పడవ అచ్చం అలాగే ఉండేదట. ఇంట్లో ఉన్న పాత పేపర్లు తెచ్చి కొట్లో వేసి, బదులుగా నన్ను పట్టుకెళ్ళింది.

సుకాంతి ఆమె కూతురు. పదో తరగతి. హాజరు పిలిస్తే గొంతు రాక చెయ్యెత్తే పిల్ల. తల్లిని ఇంట్లో బోఉ అంటుంది, బడి దారిలో అమ్మా అంటుంది. తాము ఇంట్లో ఒడియా మాట్లాడతామని బడిలో ఒక్క రోహిణికే చెప్పింది.

రోజూ సాయంత్రం దీపం పెట్టాక సుకాంతి నన్ను గట్టిగా చదివేది. ఎవరూ లేనప్పుడు ఆ పిల్ల గొంతు ఎంత బాగుంటుందో మీరు వినాలి. బిలాసిని బియ్యం ఏరుతూ వినేది, మధ్యలో ఆపేది. "చద్దన్నం నీళ్ళు అని రాశారా? ఆ నీళ్ళకి మాకు వేరే పేరుంది. తొరాణి. ఎండలో పడి వచ్చినోడికి ముందు అదే ఇస్తారు, అన్నం తర్వాతే" అనేది. సుకాంతి ఆ మాట నా అంచున పెన్సిల్‌తో రాసేది. అలా వల పేర్లు, గాలుల పేర్లు, పిల్లను ముద్దుగా తిట్టే తిట్లు నా అంచుల నిండా చేరాయి. చింపిన పేజీకి బదులు నాకు ఇన్ని దొరికాయని పొంగిపోయాను.

చివరి అధ్యాయం దగ్గరకొచ్చాక బిలాసినే ఆపించింది. అందుకో కారణం ఉంది.

టీచరు గారింట్లో నెలకోసారి పుస్తకాలవాళ్ళు కూడుతారు. ఆ నెల నియమం, వేరే భాషలోంచి తెలుగులోకి వచ్చిన నవల తేవాలని. తెచ్చినవాళ్ళు దాని గురించి నాలుగు మాటలు చెప్పి, మొదటి పేజీ చదవాలి. తర్వాత ఒక్కొక్కరికి మూడు చింతపిక్కలు ఇస్తారు. నచ్చిన పుస్తకం మీద పెట్టాలి. ఎవరి పుస్తకం గెలిస్తే వచ్చే నెల చదువు వాళ్ళింటి అరుగు మీద జరుగుతుంది, ఆ ఇంటి పెద్దావిడ పక్కనే కూర్చుని వింటుంది.

బిలాసిని తన అరుగును పేడతో అలికింది. బియ్యప్పిండి నీళ్ళలో వేళ్ళు ముంచి, పుట్టింటి పద్ధతిలో, గోడ మీద వరికంకుల ముగ్గు వేసింది. ముసలమ్మ ఏం అడుగుతోందో ఆ అరుగు మీద అందరితో కలిసి వింటానంది. "పడవ కోసమే అయ్యుంటాది" అని మాత్రం రెండుసార్లు అంది.

అయితే సుకాంతికి నలుగురిలో గొంతు పెగలదు. రెండు రోజుల ముందు నన్ను రోహిణి చేతికిచ్చింది.

"నాకు రాదే. నువ్వు సదివి, ఇది సుకాంతి తెచ్చిందని ఒక్క ముక్క సెప్పు, సాలు."

"అదేటే, నీ పేరు సెప్పకుండా నేనెందుకు సదువుతాను?" అంది రోహిణి.

ఆ మాట నేను విన్నాను. నమ్మాను కూడా. రోహిణి చెడ్డ పిల్లేం కాదు. మూడు నెలలుగా తను తెచ్చిన పుస్తకాల మీద సుకాంతి పిక్కలు తప్ప ఇంకెవరివీ పడలేదు. ఇంట్లో వాళ్ళ నాన్న, మన అరుగు మీదకి ఎప్పుడొస్తారే మీ పుస్తకాలోళ్ళు అని వేళాకోళం చేస్తున్నాడు. మనుషులు అబద్ధానికి పెద్ద కారణం వెతుక్కోరు, దగ్గర్లో ఉన్నది తీసుకుంటారు.

ఆ ఆదివారం ముందుగా సన్యాసినాయుడు ఒక తమిళ నవల గురించి చెప్పాడు. అందులో ఒక బడిపంతులు ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ పోగుచేసి నిఘంటువు రాస్తాడట. బాగుంది కానీ పేర్లు నోరు తిరగవని దాలమ్మ అంటే, నీ రిజిస్టర్లో పేర్లు తిరుగుతున్నాయా అని ఆయన అన్నాడు. బైరాగి ఒక బెంగాలీ నవల ఎత్తి చూపించి, దీని గొప్పతనం అక్షరాలు పెద్దవి, బరువు తక్కువ అన్నాడు. మోసేవాడికి తెలిసే గుణాలు అవే కదా.

మూడోది నేను. రోహిణి నన్ను పట్టుకుని నిలబడింది.

"నేను తెచ్చింది ఒడియా నవలండి" అంది.

సుకాంతి తలెత్తింది. పేరు తర్వాత చెబుతుందనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

రోహిణి చక్కగా చదివింది. ముసలమ్మ కథ చెప్పింది. అంచుల్లోని పెన్సిల్ రాతలు ఒక్కొక్కటే వినిపించింది. తొరాణి దగ్గర దాలమ్మ నాలుక తడుపుకుంది. టీచరు గారు కళ్ళజోడు సవరించుకుని నన్ను అందుకుని, అంచులు తిప్పి చూశారు.

"ఇవి లేకపోతే ఈ పుస్తకం సగమేనమ్మా. ఎవరు రాశారు?"

గదిలో అందరూ రోహిణి వైపు తిరిగారు. ఆ ఒక్క ముక్కకు అంతకంటే మంచి చోటు దొరకదు.

"నేనేనండి. మా ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఒడియా ఆవిణ్ణి అడిగి రాసుకున్నాను. ఆవిడికి సదువు రాదు కదండీ. నేనే సరిగ్గా పెట్టాను."

గోడవారగా సుకాంతి ఒళ్ళో చేతుల్ని చూసుకుంటోంది. చేతులు ముడిచింది, విప్పింది. పెదవులు ఒకసారి కదిలాయి. నాలో ముసలమ్మ కూడా అలాగే కదుపుతుంది, నూట నలభయ్యో పేజీలో. ఆ పిల్ల రాత నా ప్రతి అంచునా ఉంది. నాకు నోరుంటే చెప్పేదాన్ని. కానీ నేను పుస్తకాన్ని. ఎవరు తెరిస్తే వాళ్ళ గొంతుతోనే మాట్లాడతాను. ఆ రోజు రోహిణి గొంతుతో నేను కూడా సుకాంతికి ద్రోహం చేశాను.

పిక్కలు పంచారు. ఐదుగురు పెట్టేసరికి తమిళ నవల మీద ఏడు, నా మీద ఆరు, బైరాగి తేలికపాటి పుస్తకం మీద రెండు ఉన్నాయి. మిగిలింది సుకాంతి. రోహిణి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

సుకాంతి లేచింది. మూడు పిక్కలూ పిడికిట్లో ఎంతసేపు పట్టుకుందో, నా పడవ మీద పెట్టేసరికి వెచ్చగా ఉన్నాయి. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.

తొమ్మిది. గెలిచాను. అందరూ రోహిణిని మెచ్చుకున్నారు. సుకాంతి పిక్కలతోనే సుకాంతి అరుగు ఓడిపోయింది.

ఇంటికి వెళ్ళగానే రోహిణి నా మొదటి పేజీ మీద నీలం సిరాతో తన పేరు రాసింది. బజ్జీలాయన మిగిల్చిన పేజీ అది. వాళ్ళ నాన్న అరుగు మీద కుర్చీలు ఎక్కడెక్కడ వెయ్యాలో పనివాళ్ళకు చూపిస్తున్నాడు.

పొద్దు వాలుతుండగా వీధి తలుపు మీద వేళ్ళ చప్పుడైంది. రోహిణి నన్ను చేతిలో పట్టుకునే వెళ్ళి ఒక రెక్క తీసింది. మెట్టు కింద సుకాంతి నిలబడి ఉంది. ఏడ్చినట్టు లేదు. పరుగెత్తి వచ్చినట్టుంది.

"సదువు మీ అరుగు మీదే పెట్టుకో. పేరు కూడా నీదే ఉంచుకో" అంది. నలుగురిలో రాని గొంతు ఇప్పుడు వచ్చింది. "సివరి అధ్యాయం ఉండిపోయింది. బోఉ పొయ్యి దగ్గర కూకుని అడుగుతోంది, ముసలమ్మకి ఏటి కావాలని. ఈ ఒక్క రాత్రికి ఇవ్వు. సదివేసి పొద్దున్నే తెచ్చేస్తాను."

 రోహిణి బొటనవేలు నా చివరి పేజీల మధ్య ఉంది. ఆ వేలు తడిగా ఉంది. ఇస్తుందనుకున్నాను. చెయ్యి గుమ్మం దాకా కదిలింది కూడా.

లోపల్నుంచి వాళ్ళ నాన్న కేకేశాడు. "ఎవరే అది?"

"పిక్కల బిలాసిని కూతురు నాన్నా. పనేటైనా ఉందా అని అడగడానికొచ్చింది."

సుకాంతి నన్ను చూసింది, రోహిణిని కాదు. తలుపు రెక్క మా మధ్యకు వచ్చి, గడియ పడింది.