కర్టెన్లమ్మ వెతుక్కున్న ఊరు

ఇలా రా, ఆ గుమ్మంలో నిలబడితే సగం మాటలు గాలికే పోతాయి. దగ్గరికి జరిగి కూర్చో. కాళ్ళు చాపుకుంటావా, చాపుకో, ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు. కర్టెన్లమ్మ సెలవులకి ఊరు వెతుక్కున్న సంగతి చెబుతాను, విను.

కర్టెన్లమ్మకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది కానీ దాన్ని పలికేవాళ్ళే లేకపోయారు. కిటికీ తెరలు కుడుతుంది కాబట్టి అందరికీ కర్టెన్లమ్మే. పొద్దున్నే మిషను ముందు కూర్చుందంటే ఇక కుచ్చులు, పట్టీలు, అంచులు, లైనింగులు, మళ్ళీ కుచ్చులు. పొద్దు వాలేసరికి నడుం కట్టెలా బిగుసుకుపోయేది, కాళ్ళు తనవో మిషనువో తెలిసేది కాదు. అప్పుడు సూదిని దిండుకి గుచ్చి, చెప్పులేసుకుని, ఒక్కతే వీధిలో పడేది.

"నడవాలంటే పొద్దున్న నడవొచ్చుగా అత్తయ్యా, చల్లగా ఉంటుంది" అనేది కోడలు.

పొద్దున్న ఏముంటుంది చూడ్డానికి? తెర అందం పగలు తెలియదు. చీకటి పడబోతుండగా లోపల దీపం వెలిగిస్తారు చూడు, అప్పుడు బయటపడుతుంది కుట్టినవాళ్ళ పనితనం. లైనింగు వేశారో ఎగ్గొట్టారో, కుచ్చులు సమంగా వచ్చాయో ఒకవైపు లాగాయో, అన్నీ వెలుగులో తేలిపోతాయి. కర్టెన్లమ్మ ఒక్కో కిటికీ ముందు ఆగేది. 'ఇది నాది' అనుకునేది. 'ఈ వంకర ఎవరిదో, నాది కాదు, బతికాను' అనుకునేది. రోజంతా ఇంటికీ గిరాకీకీ చెందిన మనిషి, ఆ కాసేపూ తనకి తాను చెందేది.

కిందటి వానల్లో ఒక సాయంత్రం తెరలు అప్పజెప్పి వస్తుంటే మోటారు సైకిలు మీద ఇద్దరు వెనకనించి వచ్చి భుజాన ఉన్న సంచి గుంజుకుపోయారు. గుంజిన గుంజుడికి ఆవిడ బోర్లా పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. సంచిలో ఉన్నదల్లా కొలత టేపూ, సుద్దముక్కా, సగం తిన్న బన్నూ.

"ఆ బన్ను చూసుకుని ఎంత ఏడ్చుంటారో వెధవలు" అని కోడలు నవ్వించబోతే ఆవిడ నవ్వింది కూడా. మోచెయ్యి మానింది. టేపు కొత్తది కొనుక్కుంది. సంచితోపాటు సాయంత్రం కూడా పోయింది, అదే తిరిగి రాలేదు.

ఎందుకంటావా? ఆవిడ మొగుడున్నాడుగా, కాపలాయన. ఉద్యోగమంతా గోదాముకి కాపలా కాసి దిగిపోయిన మనిషి. గోదాము పోయింది, కాపలా పోలేదు. ఆ రోజునించీ ఆవిడ చెప్పుల మీద చెయ్యి వేస్తే చాలు, ఈయన టార్చిలైటు పట్టుకుని గుమ్మంలో తయారు. పక్కనే నడుస్తూ, "గుంట చూసుకో. ఎవడో వస్తున్నాడు, ఇటు జరుగు. పరాయి ఇళ్ళలోకి ఆ చూపులేంటి, పద పద." చెవిలో జోరీగ నయం. నాలుగు వారాలు ఓపిక పట్టి, మోకాళ్ళు నొప్పులని చెప్పి ఆవిడ నడక మానేసింది. ఆ నొప్పి మోకాళ్ళది కాదని కోడలికి తెలుసు.

ఆ కోడలే ఒకనాడు అంది, "పెళ్ళైన ఇన్నేళ్ళలో మీరిద్దరూ కలిసి ఒక ఊరు పోయింది లేదు. ఓ వారం వెళ్ళి రండి. ఎక్కడికో చెప్పండి, గది నేను మాట్లాడతాను."

"కొండ మీదకి" అన్నాడు కాపలాయన. "ఒకటే దారి ఉంటుంది, వచ్చేవాడూ పోయేవాడూ తెలిసిపోతారు."

"మామయ్యా, మీరు వెళ్ళేది సెలవుకా, డ్యూటీకా?"

కర్టెన్లమ్మ దారం కొరికి, పక్కన పెట్టి, నెమ్మదిగా అంది. "సాయంత్రం పూట నేనొక్కదాన్నే నడిచొచ్చే ఊరైతే వస్తాను. లేకపోతే ఇక్కడే బావుంది."

"ఒక్కదానివేంటి, నేను లేనూ?"

"ఉన్నారు కాబట్టే చెబుతున్నాను."

 కోడలు అప్పటికే ఫోను అందుకుంది.

ఏ లాడ్జికి చేసినా, "మీ ఊరు క్షేమమేనా" అంటే "అబ్బే, చాలా క్షేమం" అన్నవాళ్ళే. తన పెరుగు పుల్లన అనేవాళ్ళెవరు! అది కాదని కర్టెన్లమ్మ ఫోను తను తీసుకుంది. "పొద్దుగూకే వేళ మీ వీధిలో ఎవరెవరుంటారు నాయనా?" అని అడగడం మొదలుపెట్టింది.

"ఎవరూ ఉండరండీ, చీమ చిటుక్కుమనదు" అన్నాడొకాయన గర్వంగా. "అమ్మో" అని పెట్టేసింది.

"వీధివీధికీ కెమెరా, మలుపుమలుపుకీ పోలీసు" అన్నాడింకొకడు. కాపలాయన ముఖం వెలిగింది. "అంతమందిని ఊరికే పెడతారా, ఏదో అయ్యుంటుంది" అని అదీ పెట్టేసింది.

ఆఖరికి, సరిగ్గా పొద్దుగూకే వేళకి, ఒక లాడ్జిలో పెద్దావిడ గొంతు పలికింది. ప్రశ్న విని, "ఉండండి, కిటికీ దగ్గరికెళ్ళి చూసి చెబుతాను" అంది. కాసేపటికి మొదలెట్టింది. "రొట్టెల దుకాణం ఆవిడ బల్ల బయటికి లాగుతోంది. ఎదురుగా మంగలాయన ఎవరికో నురగ పూసి, మాటల్లో పడి గడ్డం గియ్యడం మర్చిపోయాడు. ఒక ముసలాయన కుక్కని తిడుతున్నాడు, కుక్క వినట్లేదు. ఇద్దరాడపిల్లలు సైకిలు నడిపించుకుంటూ నవ్వుకుంటున్నారు, ఎందుకో నాకు తెలీదు. ఇంకా చెప్పనా?"

"చాలమ్మా" అంది కర్టెన్లమ్మ. "మాకో గది ఉంచండి."

ఊరు కుదిరింది. బయల్దేరేముందు కోడలు అందరి ముందూ మామగారి దగ్గర మాట తీసుకుంది, అత్తయ్య సాయంత్రాల జోలికి పోకూడదని. "సరేనమ్మా, సరే" అన్నాడాయన. టార్చి మాత్రం పెట్టెలో అడుగున దాచుకున్నాడు.

వెళ్ళిన రోజు ప్రయాణపు బడలికతో పడుకున్నారు. మర్నాడు పొద్దు వాలగానే కర్టెన్లమ్మ చెప్పులేసుకుంది. కాపలాయన లాడ్జి అరుగు మీద కుర్చీ వేసుకుని, "నేనిక్కడే ఉంటాను, నువ్వెళ్ళు" అన్నాడు. పిల్లి తన పిల్లని నోట్లోంచి వదిలినట్టు, ఆ మాట ఆయన గొంతులోంచి అతికష్టంగా వచ్చింది.

మొదట్లో ఆవిడ అడుగులు తడబడ్డాయి. మోటారు చప్పుడు ఎక్కడ వినపడినా భుజం తనంతట తాను ముడుచుకుపోయేది. రొట్టెల దుకాణం దాటింది, మంగలి షాపు దాటింది. ఆ తర్వాత ఇళ్ళ వరస. ఒక్కొక్క దీపమే వెలుగుతోంది. ఎవరో పసుప్పచ్చ తెరలు వేశారు, కుచ్చులు ఎంత ఒద్దికగా పడ్డాయో! ఇంకో ఇంట్లో దుప్పటి చించి తెర చేశారు, అంచు కుట్టనే లేదు. ఆవిడ వేళ్ళు ఉత్త గాలిలోనే ఆ అంచు మడిచాయి. నవ్వొచ్చింది. ఊపిరి కిందిదాకా దిగింది. ఎన్నాళ్ళకి దిగిందో!

అలా పోతూ ఒక ఖాళీ ఇంటి ముందు ఆగింది. తెరలు లేవు, దీపం లేదు. చీకటి కిటికీ అద్దం మాదిరి నిలబడి వీధిని చూపిస్తోంది. ఆ అద్దంలో, తన భుజం వెనకాల, వీధికి అవతలి పక్కన ఒక మగమనిషి. ఆవిడ రెండడుగులు వేసింది. అతనూ వేశాడు. ఆగింది. అతనూ ఆగాడు. అడుగుల చప్పుడే లేదు.

   ముందుకి పోతే ఇళ్ళు పలచబడుతున్నాయి. ఏమనుకుందో ఏమో, గిరుక్కున వెనక్కి తిరిగి, ఆ మనిషి వైపు చూడకుండా, వచ్చిన దారినే దీపాలవైపు పరుగు లంకించుకుంది. రొట్టెల దుకాణం బల్ల పట్టుకుని, "వెనక... ఎవరో..." అనగలిగింది అంతే.

ఇక చూడు! రొట్టెలావిడ పళ్ళెం పట్టుకునే బయటికి దూకింది. మంగలాయన కత్తి కింద పడేసి ఉరికాడు. అతని వెనక, మెడకి తుండుగుడ్డ, ముఖమంతా నురగతో గడ్డం గీయించుకుంటున్న ఆయన. కుక్క కూడా వచ్చింది, ఈసారి విన్నది. అందరూ కలిసి, వెనకాలే ఆయాసపడుతూ వస్తున్న ఆ మనిషిని కాలరు పట్టుకున్నారు.

"ఎవరయ్యా నువ్వు? ఆడమనిషి వెంట పడతావా?"

"పడలేదండీ! ఆవిడ నా భార్య!"

"దొరికినవాడు ఇంకేమంటాడు!" అన్నాడు నురగాయన.

దీపం వెలుగులో ముఖం కనపడింది. ఇంకెవరు, కాపలాయనే. కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతిలో ఆర్పేసిన టార్చి. గోదాములో దొంగకి తన అడుగు వినపడకుండా నడవడం నేర్చిన మనిషి. ఆ విద్యంతా ఆ సాయంత్రం ఆవిడ వెనక ప్రయోగించాడు. కంచె వెళ్ళి చేనుని భయపెట్టింది.

"ఏమ్మా, ఈయన మీ ఆయనేనా?" అని అడిగింది రొట్టెలావిడ.

 కర్టెన్లమ్మ బల్లని వదలకుండానే ఆయన బూట్లనీ టార్చినీ ఎగాదిగా చూసింది. కాపలాయన ఒక్కొక్కరి ముఖం చూస్తూ, "చెప్పవే, చెప్పు" అన్నాడు. మంగలాయన పట్టు ఇంకాస్త బిగించాడు.

"మా ఆయనే" అంది చివరికి. "కానీ వదలకండి."

"ఆఁ?"

"ఆ మంగలి కుర్చీలో కూర్చోబెట్టండి. నా నడక సగంలో ఉంది. వీధి చివరిదాకా వెళ్ళొస్తాను. నేనొచ్చేదాకా లేవనివ్వకండి."

రొట్టెలావిడ ఆయన్నీ ఈవిడనీ మార్చిమార్చి చూసి, ఫక్కుమని నవ్వి, "నువ్వెళ్ళమ్మా, ఈయన బాధ్యత మాది" అంది.

భయం పోయిందనుకునేవు. పోలేదు. ఆ ఖాళీ ఇంటి ముందుకి వచ్చేసరికి ఒళ్ళు మళ్ళీ జల్లుమంది. అయినా ఆగి అద్దంలోకి చూసింది. వీధి ఉంది, తనుంది, అంతే. ముందుకి నడిచింది. ఆఖరి ఇల్లు దాకా నడిచి, ఆ ఇంటి తెరల్లో రింగు ఒకటి ఊడిందని చూసుకుని, తాపీగా తిరిగొచ్చింది.

మంగలి కుర్చీలో కాపలాయన అద్దం వైపు కాక వీధి వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది. ఆవిడ కనపడగానే లేవబోయి, ఆగి, లేవొచ్చా అని అడిగినట్టు మంగలాయన వైపు చూశాడు. "ఇప్పుడు లేవొచ్చు" అన్నాడు మంగలాయన.

ఇద్దరూ లాడ్జివైపు నడిచారు.

"నన్ను చూసే అంత భయపడ్డావా?" అన్నాడాయన.

"మీరని తెలిస్తే భయమెందుకు? తిట్టేదాన్ని."

"ఆ వెధవలు నిన్ను కింద పడేసిన రోజు నేను ఇంట్లో కాళ్ళు బార్లా చాపుకుని రేడియో వింటున్నాను. ఊళ్ళో వాళ్ళ సరుకంతా కాపాడాను. నా ఇంటిదాన్ని..." చేతిలో టార్చిని ఒకసారి వెలిగించి ఆర్పాడు. "నువ్వు కనపడకపోతే నాకు ఊపిరాడదే."

"మీరు వదలకపోతే నాకు ఆడదు" అంది ఆవిడ, మెత్తగానే. "ఇద్దరం ఒకేసారి పీల్చుకునే దారి లేదు. రోజూ కాసేపు మీరు బిగబట్టుకోండి. తిరిగొస్తాను కదా."

"ఇందాక కుర్చీలో బిగబట్టాను. చచ్చినంత పనైంది."

"రేపు కాస్త తేలికవుతుంది."

మర్నాడు పొద్దువాలితే ఆయనే వెళ్ళి మంగలాయన దుకాణంలో కూర్చున్నాడు, ఎవరూ కూర్చోబెట్టకుండానే. మాటిమాటికీ వీధి చూస్తుంటే మంగలాయన ఆయన తల పట్టుకుని నిటారుగా తిప్పాడట, లేకపోతే చెవి తెగేది. మూడోనాడు ఆవిడ తిరిగొచ్చేసరికి కుక్క గురించి మంగలాయనతో ఏదో వాదన పడి, ఆవిడ వచ్చి నిలబడిన సంగతి ఆయన గమనించనే లేదు. ఆవిడ పిలవలేదు. రొట్టెలావిడ కిటికీకి ఎంత గుడ్డ పడుతుందో జానలతో కొలిచి, బల్ల దగ్గర ఆవిడకి చెబుతూ కూర్చుంది.

ఇంటికొచ్చాక కూడా ఆవిడ సాయంత్రాలు నడిచింది. ఆయన గుమ్మంలో కూర్చుని బిగబట్టుకునేవాడు, కొన్నాళ్ళు తేలిగ్గా, కొన్నాళ్ళు కష్టంగా.

సరే, ఇక లే, కాళ్ళు తిమ్మిరెక్కుంటాయి. ఈ సంగతి మనసులో పెట్టుకో. నీ దగ్గర కూర్చుని ఎవరైనా వినే రోజున వాళ్ళకీ చెప్పు. చెప్పేటప్పుడు కాపలాయన్ని మరీ వెర్రివాణ్ణి చెయ్యకు సుమా, పాపం ఆయనకి ప్రేమే ఎక్కువైంది. కర్టెన్లమ్మ "వదలకండి" అన్నచోట మాత్రం నవ్వి, కాసేపు ఆగి, అప్పుడు చెప్పు మిగతాది.