కంచె లెక్క

శకునం ఆఫీసుకు వచ్చీ రాగానే దొంగతనం మొదలుపెట్టాడు. ఉద్యోగమే అది. కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి క్రిప్టో నాణెం, దాని లావాదేవీలు రాసే ఉత్తుత్తి యంత్రాలు. ఆ యంత్రాలు నడిపే మైనర్లలో ఎవరెవరు కలిస్తే నాణేన్ని కొల్లగొట్టగలరో ముందే నడిపి చూడాలి. సగానికి పైగా యంత్రాలు ఒకడి చేతికొస్తే చాలు, నిన్న రాసింది ఈరోజు చెరిపేసి, ఒకరికిచ్చిన నాణేన్నే మరొకరికి అంటగడతాడు.

వంగిన మెడ, ఎప్పుడూ చెమ్మగా ఉండే కళ్ళు, కీబోర్డు మీద రెండే వేళ్ళు. ఏ నాణెం తెచ్చినా పెదవి విరుస్తాడని ఆఫీసంతా ఆ పేరు పెట్టింది. పెళ్ళాం కూడా అలాగే పిలుస్తుంది, కాకపోతే ముద్దుగా. అలాంటివాడు నిన్న ఒక నాణేనికి ఏ భయమూ లేదని సంతకం పెట్టాడు. దాన్ని కాచేవి మైనర్ల యంత్రాలుండే చిన్న చిన్న షెడ్లు. ఎవడి బతుకు వాడిది. నాణెం చస్తే వాళ్ళ యంత్రాలు పాత ఇనుము కిందే లెక్క. కంచె చేను మేస్తే కంచెకే నష్టం కనుక మెయ్యదని తేల్చాడు.

ఆ నాణెం ఈ సాయంత్రమే అమ్మకానికి వస్తోంది. తమ్ముడి మాట రాతి మీద గీత అనుకునే అక్క, బట్టలు కుట్టి కూడబెట్టిందంతా అందులో పెడుతోంది.

భోజనాల వేళకు బావమరిది ఫోన్ చేశాడు. అలాంటి షెడ్డు ఒకదానికి కాపలాదారు అతను. ఫ్యాన్ల హోరులో అరిచి మాట్లాడాడు. ఇంటికి రావడానికి సెలవు దొరకలేదట.

"సాయంత్రం మిషన్లన్నీ ఒకేసారి వేరే పనికి తిప్పమన్నాడు మా ఓనరు. పక్క షెడ్లవి కూడా."

"పక్క షెడ్లకు మీ ఓనరు చెప్పేదేమిట్రా?"

"అన్నీ ఆయనవే కద బావా. పేర్లే వేరు. లెక్కలోడివి, నీకు తెలీదా?"

శకునం తన లెక్క మళ్ళీ చూసుకున్నాడు. పేర్లు లెక్కపెట్టాడు గాని, వాటి వెనక చేతులెన్నో చూడలేదు. అన్నీ ఒకడివే అయి, మేశాక వేరే పనికి తిరిగేవైతే, ఆ కంచెకు నష్టమే లేదు. అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మేనేజరు గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజరు వయసులో చిన్నవాడు, చెడ్డవాడేమీ కాదు. కాపలావాడి మాట పట్టుకుని సంతకం వెనక్కి తీసుకుంటే కంపెనీ పరువేం కావాలన్నాడు.

"మళ్ళీ నడిపి చూపించండి సార్. అందాకా బయట మాట పొక్కకూడదు."

"పొద్దుగూకాక చూపించి ఏం లాభం బాబూ?"

"ముందు చూపించండి."

సీటుకు వచ్చి, కంప్యూటర్లో షెడ్లన్నిటికీ ఒకే యజమానిని పెట్టి మోడల్‌ను నడవనిచ్చాడు. ఎడమ చెయ్యి బరువెక్కింది. మాట పొక్కకూడదన్నది పక్కనబెట్టి అక్కకు మళ్ళీ ఫోన్ కలిపాడు. ఈసారి ఎత్తింది. కొనొద్దక్కా అందామని నోరు తెరిచాడు. ఊపిరి అందలేదు.

"వినపడట్లేదురా. నువ్వు బెంగపడకు, నువ్వు చెప్పాకే కదా పెడుతున్నా," అని అక్క పెట్టేసింది.

శకునం కళ్ళు మూసుకున్నాడు.

మోడల్ నడిచేటప్పుడు అలా కళ్ళు మూసుకోవడం అతనికి అలవాటే. అందుకే ఎవరూ కదపలేదు. మేనేజరు మాత్రం మనసొప్పక టీ తెచ్చాడు. కునుకు చెడగొట్టడమెందుకని, చల్లారకుండా కప్పు మీద సాసరు పెట్టి వెళ్ళాడు. తెర మీద జవాబు వచ్చింది, నాణెం నిలవదని. చూసేవాళ్ళు లేక తెర ఆరిపోయింది. ఇళ్ళకు పోయేముందు ఎవరో భుజం తడితే తల పక్కకు వాలింది.

షెడ్లన్నీ ఒక్కసారే తిరిగాయి. ఆ వేళకు అక్క ఆసుపత్రి వరండాలో తమ్ముడి పాదాలు పట్టుకుని కూర్చుంది. తను డబ్బు పెట్టిన నాణెం కూలిందని ఆమెకెవరూ చెప్పలేదు.

ఆఫీసులో, సాసరు కింద టీ మీగడ కట్టింది.