ఆడకప్ప కూసిన ఏడాది

ఉద్యమం ఊపందుకుని కాలేజీలన్నీ మూతపడ్డ ఆ అరవై తొమ్మిదిలో కూడా, దిల్‌సుఖ్‌నగర్‌లో రెబెక్క దినచర్య మారలేదు. లేవడం, పొయ్యి ముట్టించడం, పెరట్లోని కప్పల తొట్టిలో నీళ్ళు మార్చడం. పరిశోధనశాలకు తాళం పడ్డ రోజున ఆమె నలభై కప్పల్ని రెండు బకెట్లలో వేసుకుని, మందుల పెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కింది. బస్సు నడిపేది ఆమె పెనిమిటి పేతురే కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

గర్భాన్ని నిలిపే హార్మోను మీద ఆమె పరిశోధన. నెల తప్పిన మనిషి మూత్రాన్ని మగకప్పకు సూదితో ఎక్కిస్తే నాలుగు గంటల్లో సంగతి తేలిపోయేది. ఆడకప్పలు ఈ పనికి రావు. పట్టి చంకల కింద నొక్కితే కిర్రుమనేది మగది, కిక్కురుమననిది ఆడది. అట్లా ఏరి పారెయ్యమన్నవాటిలో ఒకదాన్ని మాత్రం రెబెక్క మనసొప్పక ఉంచుకుంది.

కడుపుతో ఉన్న ఆడమనిషి గడప దాటి వస్తే ఆ ఆడకప్ప కూసేది. నెల తప్పకముందే కూసేది. వీధివాళ్ళు కొత్తకోడళ్ళను తెచ్చి తొట్టి పక్కన కాసేపు కూర్చోబెట్టి, చాయ తాగి వెళ్ళేవాళ్ళు. రెబెక్కను చూసి మాత్రం అది ఎన్నడూ కూయలేదు. పెళ్ళై తొమ్మిదేళ్ళు. ఆమె ఎదురుచూడడం మానేసి చాలాకాలమైంది.

జూన్‌లో ఒక పొద్దున పాల అండాలమ్మ వచ్చింది. ఇప్పుడు ఎల్.బి.నగర్ చౌరస్తా ఉన్నచోట అప్పుడన్నీ బీళ్ళే, ఆమె బర్రెలు అక్కడే మేసేవి. ఆమె గడపలో కాలు పెట్టగానే కప్ప కూసింది. అండాలమ్మ పాలబిందె దించి అక్కడే కూలబడింది.

"మూడుసార్లు మీ పరీక్ష కడుపున్నదన్నది అక్కా. అన్న వారానికే పాయె. గిప్పుడెట్ల?"

పరీక్ష చెప్పేదాకా ఆగకుండా ముందే హార్మోను సూదులు మొదలుపెడితే గర్భం నిలుస్తుందని రెబెక్క నమ్మకం. కానీ పరీక్ష అవుననందే సూది ఇవ్వకూడదని, ఇస్తే పెద్దాయన సంతకం ఉండాలని నియమం. పెద్దాయన అంటే పరిశోధనశాలను నడిపే, తెనాలి నుంచి వచ్చిన రామమోహనరావుగారు. గొడవల రోజులు, బయట తిరగొద్దని ఆయనకు అందరూ చెప్పారు. అందుకని పేతురే ఆయన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు.

ఆయన కూత విన్నారు. ఆయన అభ్యంతరం కూత మీద కాదు.

"కూసింది సరేనమ్మా, అది ఆడకప్ప కదా. ఆడకప్ప మాట మన పద్ధతిలో చెల్లదు."

"మగకప్ప చెప్పేదాంక ఆగితే మూడుసార్లు పోయింది సార్," అంది రెబెక్క. "ఆడదాని మాట ఒక్కసారి ఇనుండ్రి."

రామమోహనరావుగారు తొట్టి మీదికి వంగి ఆ కప్పను చూశారు. తర్వాత కొత్త నోటుపుస్తకం తీసుకుని, మొదటి వరుసలో అండాలమ్మ పేరు, పరీక్ష అన్నచోట 'కూత' అని రాసి సంతకం పెట్టారు. రెబెక్క మందుల పెట్టె తెరిచి అండాలమ్మకు మొదటి సూది వేసింది.

వానలు పోయాయి, బందులు వచ్చి పోయాయి. ఫిబ్రవరిలో అండాలమ్మకు ఆడపిల్ల పుట్టింది. రామమోహనరావుగారు మనవరాలు పుట్టినంతగా మిఠాయి పంచారు. రెబెక్క వంటింట్లోకి పోయి తలుపు వేసుకుని సంతోషంతో ఏడ్చింది.

ఇరవయ్యొకటో రోజు తెల్లవారగానే అండాలమ్మ పిల్లను కప్పకు చూపిద్దామని ఎత్తుకొచ్చింది. రెబెక్క అప్పుడే లేచి, నీళ్ళు మార్చడానికి బకెట్ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. కప్ప గొంతెత్తి కూసింది.

"దీనికి మతి పోయింది. నేను నిన్నగాక మొన్ననే కంటి గద," అని అండాలమ్మ నవ్వింది. నవ్వుతూనే చుట్టూ చూసింది. పెరట్లో ఇంకో ఆడమనిషి రెబెక్క ఒక్కతే.

రెబెక్క బకెట్ దించింది. చేతులు కొంగుకు తుడుచుకుని నోటుపుస్తకం తెరిచి, రెండో వరుసలో తన పేరే రాసుకుంది. అక్షరాలు వంకర పోయాయి. పరీక్ష అన్నచోట 'కూత' అని రాసి, లోపలికి కేకేసింది.

"ఏమయ్యా, జర సైకిల్ తీయి. సార్ సంతకం కావాలె."