కోడలు తెచ్చిన సముద్రం

పెళ్ళయిన నెలకు హరిచందన పుట్టింటి నుంచి చిన్న ట్రాలీలో ఒక సముద్రం దిగింది. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఆ వీధి వాళ్ళంతా గేటు దగ్గరికొచ్చి చూశారు. మంచమంత పొడుగున్న అద్దాల తొట్టి, అడుగున పోయడానికి తెల్లటి ఇసుక, బొరియలున్న రాళ్ళు, ఉప్పునీళ్ళ డబ్బాలు, గాలి నింపిన కవర్లలో మూడు చేపలు. రెండింటికి నారింజ రంగు ఒంటిమీద తెల్ల పట్టీలు. మూడోది సన్నగా, నిలువెల్లా పసుపు పూసినట్టుంది.

"తినేటియి కావా?" అని పక్కింటి గౌరయ్య అడిగాడు.

"సూసేటియి," అంది బాలమణి. అత్తగారి హోదాలో ఏదో ఒక జవాబు చెప్పాలి కదా అని చెప్పింది గాని, హాల్లో సోఫా జరిపి మరీ పెట్టిన ఆ తొట్టిని ఏం చేసుకోవాలో ఆమెకూ తెలియదు.

నిజానికి కోడలితో ఏం మాట్లాడాలో కూడా తెలియదు. చందన మంచి పిల్ల. పొద్దున్నే లేస్తుంది, అడగకుండానే పని అందుకుంటుంది, శామీర్‌పేట దగ్గరి మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం చేసి సాయంత్రానికి వస్తుంది. "తిన్నవా బిడ్డా?" "తిన్న అత్తమ్మా." అక్కడితో మాటలు అయిపోయేవి. ఇద్దరి మధ్య తగవు లేదు, ముచ్చటా లేదు.

తొట్టి పెట్టిన మర్నాడే పసుపు చేప కనిపించకుండా పోయింది. చందన సోఫా కింద, బీరువా వెనక టార్చి వేసి వెతికింది. పిల్లి ఎత్తుకుపోయి ఉంటుందని గౌరయ్య తేల్చేశాడు. ఆ రోజు నుంచి చందన కంచంలో అన్నం సగం మిగిలిపోతోంది. బాలమణి ఆ కంచం చూసినప్పుడల్లా ఇంకో చెంచా నెయ్యి వేసేది.

ఆదివారం పొద్దున బాలమణి భర్త సుధాకర్, కొడుకు వీరేందర్‌ను వెంటేసుకుని, ఎవరికో ప్లాట్లు చూపించడానికి గౌడవెల్లి వెళ్ళాడు. బాలమణి పప్పు పొయ్యిమీద పెట్టి హాల్లోకి వచ్చేసరికి కోడలు చున్నీ నడుముకు బిగించి, బకెట్లు వరసగా పెట్టుకుని కనిపించింది.

"ఏం జేస్తున్నవే?"

"ఇసుక సాఫ్ చేస్తున్న అత్తమ్మా. చూడుండ్రి, ఎట్ల గోధుమరంగు తిరిగిందో."

"అయితే తియ్యి బయటికి. చాటలల్ల వోసి నల్ల కింద కడుగుదాం."

"వద్దత్తమ్మా! అండ్లనే ఉంచి కడగాలె. ఇసుకల కండ్లకు కానరాని జీవులుంటయి, నీళ్ళు చెడకుండ చూసేది అవే. అంత ఒక్కపారి కలవెడితే అవ్వి చస్తయి. ఇయ్యాల ఈ దిక్కు సగం చేసి, ఆ సగం తర్వాత చేద్దాం."

'చేద్దాం' అన్న మాట బాలమణికి నచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది.

చందన తొట్టిలో నీళ్ళు తిప్పే మోటారు ఆపింది. చేతిలో ఒక వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టం ఉంది, దాని కొసకు సన్న పైపు. నీళ్ళు లాగడానికి నొక్కే రబ్బరు బుడ్డి సామాను మోసేటప్పుడు పగిలిపోయిందట. ఇప్పుడెట్లా అని కోడలు దిక్కులు చూస్తుంటే బాలమణి పైపు లాక్కుంది. ట్రాక్టరులోంచి డీజిలు తీసేవాళ్ళను ఆమె ఎన్నిసార్లు చూడలేదు! పైపు నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చింది.

"అత్తమ్మా, ఉప్పు..." అని చందన అనేలోపే నోరు నిండిపోయింది.

"థూ! థూ! ఓయమ్మో, మామిడికాయ తొక్కుల గూడ గింత ఉప్పుండదే!"

చందన చేత్తో నోరు మూసుకుంది. మూసినా ఆగలేదు, పక్కున నవ్వేసింది. ఆ ఇంట్లో ఆమె అట్లా నవ్వడం బాలమణి మొదటిసారి వింది. నోరు పుక్కిలించి వచ్చి, తనూ నవ్వింది. పైపులోంచి నీళ్ళు మాత్రం బకెట్లోకి జోరుగా పడుతున్నాయి.

గొట్టం ఇసుకలో గుచ్చితే లోపల ఇసుక గిర్రున లేచి మళ్ళీ కిందికి జారుతోంది. తేలికైన మురికి నీళ్ళతో పాటు పైపులోకి పోతోంది. ఇసుక మరీ పైకొస్తే పైపును వేళ్ళతో నొక్కి ఆపాలి. కాసేపటికే బాలమణికి చెయ్యి తిరిగింది.

"బియ్యం గాలిచ్చినట్టే ఉంది గదనే!"

"అచ్చం గట్లనే అత్తమ్మా."

ఒక పెద్ద రాయి పక్కన గొట్టం గుచ్చబోయింది. అంతలో ఇసుక తనంతట తానే ఉబ్బింది. బుస్సుమని చీలింది. పసుపుపచ్చ మెరుపొకటి నీళ్ళను చీల్చుకుని పైకి లేచి, మూత లేని తొట్టి అంచు దాటి, హాల్లో బండల మీద టపీమని పడింది.

చందన కొయ్యబారిపోయింది. చేప ఎగిరెగిరి పడుతోంది. బాలమణి గొట్టం వదిలేసి, కొంగు బకెట్లో ముంచి, రెండు చేతుల మీద పరిచి చేప కిందికి జార్చింది. చిన్నప్పుడు చెరువు ఒడ్డున పరక చేపలు పట్టిన చేతులు అవి. ఎక్కడ నొక్కకూడదో వాటికి తెలుసు. కొంగుతో సహా చేతులు తొట్టిలో ముంచింది. చేప ఒక్క క్షణం పక్కకు ఒరిగి, తోక ఆడించి, కడిగిన తెల్లటి ఇసుకలోకి తల దూర్చి మాయమైంది.

ఆ హడావిడిలో బకెట్ నిండి ఇల్లంతా నీళ్ళు. చందన ఆ నీళ్ళలోనే కూలబడి, నవ్వుతూ ఏడ్చింది.

"చచ్చిపోయిందనుకున్న అత్తమ్మా. భయమైతే ఇసుకల పండుకుంటయని తెల్సు గాని, ఇన్ని రోజులు ఉంటదనుకోలే."

"కొత్త ఇల్లు గదనే. జర అలవాటు గావద్దా?" అంది బాలమణి, కొంగు పిండుకుంటూ.

చందన తడి చేత్తోనే అత్త మోచెయ్యి పట్టుకుని లేచింది. ముందురోజు ఉప్పు కలిపి ఉంచిన కొత్త నీళ్ళు ఇద్దరూ కలిసి తొట్టిలో పోశారు. పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా పొయ్యి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నం సుధాకర్ గడపలోనే ఆగిపోయాడు. "ఏందే గిది, పైపు పలిగిందా?"

"సముద్రం పొంగింది," అంది బాలమణి. అత్తాకోడళ్ళు మళ్ళీ నవ్వులు.

ఏమీ అర్థం కాకపోయినా సాయం చేద్దామని ఆయన మురికినీళ్ళ బకెట్ ఎత్తి పెరట్లో కరివేపాకు చెట్టు వైపు నడిచాడు. "పొయ్యకు!" "పొయ్యకుండ్రి మామయ్యా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. "ఉప్పునీళ్ళయ్యా, చెట్టు సస్తది. మోరీల పొయ్యి!"

మర్నాడు చందన కంపెనీ బస్సులో ఉండగా ఫోన్ మోగింది. వీడియో కాల్. తెర నిండా నుదుటి బొట్టు ఒక్కటే ఉంది.

"బిడ్డా, లేసిందే! ఆ రెండిటెంట తిరుగుతాంది, సూడు!"

"మీ నొసలే కానొస్తాంది అత్తమ్మా, ఫోన్ తిప్పుండ్రి!"

ఫోన్ తిరిగింది. రాళ్ళ మధ్య పసుపు చేప బడాయిగా ఈదుతోంది. పక్క సీటు ఆమె, వెనక సీటు ఆమె కూడా వంగి చూశారు.

"ఆకలైతాందేమోనే. ఏం వెట్టాలె?"

"ఫ్రిజ్ పై అరల చిన్న డబ్బా ఉంది, అండ్ల రొయ్యల ముక్కలు. రెండంటె రెండే వెయ్యుండ్రి."

"రొయ్యలా? మనకేమో మాడిన పప్పు, దీనికి రొయ్యలా?" అంటూ బాలమణి ఫోన్ ఆపకుండానే ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తింది. చందన ఫోన్లో ఇంటి పైకప్పు, ఫ్యాను, గోడలు గిరగిరా తిరిగాయి.