రాజ్‌కోట్ పాడిన జోల

జింబాబ్వే జట్టు పర్యటన తేదీలు బయటికొచ్చిన రోజు నుంచి పత్రికలవాళ్ళకి చేతినిండా పనే. పదహారు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు. మొదటిది గువాహటిలో, రెండోది తిరువనంతపురంలో, మూడోది రాజ్‌కోట్‌లో. అంటే దేశానికి ఈ చివర, ఆ చివర, ఇంకో చివర. గువాహటిలో దిగీదిగగానే వాళ్ళ మేనేజర్, మేం ఆడడానికొచ్చామా, విమానాల్లో కూర్చోడానికొచ్చామా అని ఒక మాట జారాడు. ఇంకేముంది, అగ్గిలో ఆజ్యం పోసినట్టయింది. ఇంగ్లీషు పత్రికలు అయ్యో పాపం అన్నాయి. హిందీ టీవీలు దేశపటం మీద ఎర్రబాణాలు గీసి, అతిథిని దేవుడిలా చూసుకునే గడ్డని పట్టుకుని ఎంత మాటన్నారని గొంతు చించుకున్నాయి. దేవుణ్ణయినా ఊరేగింపుకి ఇన్ని ఊళ్ళు తిప్పరు కదా అని మాత్రం ఎవడికీ తోచలేదు.

రాజ్‌కోట్‌లో ఆ మంటకి విసనకర్ర పట్టినవాడు కిరీట్ రాయ్‌చూరా. యాభై రెండేళ్ళ మనిషి, ఊళ్ళో ఒక గుజరాతీ పత్రికలో ఇరవై ఆరేళ్ళుగా ఆటల పేజీ చూస్తున్నాడు. ఆ పేజీలో ఓ మూల రోజూ 'గ్యాలరీ గోల' అని నాలుగు ముక్కలు రాస్తాడు. కింద పేరుండదు గానీ రాసేది ఆయనేనని పాన్ బడ్డీ దగ్గర నిలబడే ప్రతివాడికీ తెలుసు. పొద్దున్నే గాఠియా అనే శనగపిండి కారాల్లోకి వేయించిన పచ్చిమిరపకాయతో పాటు ఆ నాలుగు ముక్కలూ నంజుకోకపోతే రాజ్‌కోట్‌కి ముద్ద దిగదు. ఆ సంగతి కిరీట్‌కీ బాగా తెలుసు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

మ్యాచ్ ముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి జింబాబ్వేవాళ్ళ ప్రాక్టీసు ఉంటుందన్నారు. ఊరి బయట జామ్‌నగర్ రోడ్డులో ఉన్న మైదానానికి విలేకరులందరూ ఎండలో పడి వెళ్ళారు. మూడయినా జట్టు జాడ లేదు. చివరికి ఉపేంద్రసింహ్ గోహిల్ ఒక్కడే కారు దిగాడు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ జట్టుకి తోడుండమని క్రికెట్ సంఘంవాళ్ళు పెట్టిన మనిషి ఆయన. ఊరంతా బాపూ అని పిలుస్తారు. ఇవాళ ప్రాక్టీసు లేదని అందరికీ చెప్పి, కిరీట్‌ని మాత్రం భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు.

"కిరీట్‌భాయ్, దీని గురించి ఏమీ రాయకు."

"ఎందుకు రాయకూడదు బాపూ? హోటల్లో గుర్రుపెట్టి నిద్రపోతున్నారా?"

"కారణం ఉంది. ఒకళ్ళ ఇంటి విషయం. అది నేను చెప్పకూడదు. ఇంతకాలం స్నేహం గనక ఈ మాత్రమైనా చెప్పాను."

కిరీట్ సరేనని తలూపి స్కూటరెక్కాడు. ఇంటి విషయమట, ఎవడికో కడుపు చెడి ఉంటుంది అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. కడుపు చెడితే గోహిల్ మొహం అలా ఉండదని లోపల ఒక గొంతు అంటూనే ఉంది. దాన్ని నోరుమూసుకోమన్నాడు. ఆఫీసుకి వెళ్ళేసరికి ఎడిటర్ దినకర్‌భాయ్, ఏం కిరీట్, రేపు జనాన్ని నవ్విస్తావా లేదా అన్నాడు. చెయ్యి దురద పెట్టేవాడి ముందు గజ్జి గురించి మాట్లాడినట్టయింది.

అతిథులకి పాపం నిద్ర చాలడం లేదట అని మొదలుపెట్టాడు. రేపు మైదానానికి వెళ్ళే అమ్మలూ నాన్నలూ, వాళ్ళలో ఎవరు బౌండరీ దగ్గరికొచ్చినా జోలపాట పాడి నిద్రపుచ్చండి, మన కాఠియావాడ్ సీమ మర్యాదేమిటో చూపిద్దాం అని రాశాడు. ఎవరైనా మర్చిపోయి ఉంటారేమోనని, ఊళ్ళో ప్రతి ఉయ్యాల దగ్గరా పాడే జోల రెండు చరణాలు కిందే అచ్చు వేయించాడు. ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్లకి తలుపులేసుకుని పడుకునే ఊరు రాజ్‌కోట్. ఆ ఊరు ఇంకొకళ్ళ నిద్రని వెక్కిరించడం! గురివింద తన నలుపెరగదని ఊరికే అన్నారా?

మర్నాడు మ్యాచ్ మొదలైన ముప్పావుగంటకి ఆ పాట లేచింది. ఫరాయ్ చికోవోరే అనే ఆటగాడు, పొడుగ్గా సన్నగా ఉంటాడు, పడమటి వైపు బౌండరీ దగ్గర ఫీల్డింగుకి వచ్చి నిలబడ్డాడు. ముందు కుర్రకారు పత్రిక చూసుకుంటూ, నవ్వుకుంటూ అందుకున్నారు. తర్వాత పక్క గ్యాలరీ, ఆ పక్క గ్యాలరీ. ఆడవాళ్ళు కలిసేసరికి పాట తీరే మారింది. వాళ్ళకి వెక్కిరిస్తూ పాడడం చేతకాదు, ఆ పాట వాళ్ళకి ఒక్కలాగే వచ్చు. పాతికవేలమంది మెల్లగా జోల పాడుతుంటే బౌలర్ పరుగు ఆపేశాడు. ఫరాయ్ జనం వైపు తిరిగి టోపీ తీశాడు. తీసి కాసేపు చేత్తో పట్టుకుని, తర్వాత గుండెకి ఆనించుకుని అలాగే నిలబడిపోయాడు.

విలేకరుల గదిలో అందరూ కిరీట్ వీపు తట్టారు. ఆయన ఒళ్ళు మర్చిపోయి నవ్వుతున్నాడు. అప్పుడొచ్చాడు గోహిల్. కుర్చీ వెనక నిలబడి, వంగి, చెవిలో చెప్పాడు.

"అతని కూతురు నిన్న తెల్లవారుజామున పోయింది. నలభై రోజుల పిల్ల. నిన్న జట్టంతా అతని గదిలోనే కూర్చుని ఉన్నారు."

గోహిల్ ఒక్క తిట్టు కూడా తిట్టకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. కింద ఆ పాట ఇంకా అవుతోంది, ఆపమనడానికి ఆయన ఎవరికి చెప్పాలి? తను రాసింది తనకే వినిపిస్తుంటే చెవులు మూసుకోవడం తప్ప చేసేదేమీ లేకపోయింది.

జింబాబ్వే ఓడిపోయింది. ఆట అయ్యాక విలేకరుల ముందుకి కెప్టెన్‌కి బదులు ఫరాయ్ వచ్చాడు. కూతురి సంగతి తనే చెప్పాడు, పేరు రూవా అన్నాడు. ఈ ఊరివాళ్ళు నా బిడ్డ కోసం జోల పాడారు, నా భార్య అక్కడ టీవీలో చూసింది, మా ఇద్దరి తరఫునా దండం పెడుతున్నాను అన్నాడు. పొద్దున్న పత్రిక చదివినవాళ్ళందరూ బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. వెనక వరసలో ఉన్న కిరీట్ లేచి నిలబడదామనుకున్నాడు. కాళ్ళు లేవలేదు, నిజం చెప్పాలంటే ఆయన లేపలేదు.

ఇక ఆ సాయంత్రం చూడాలి టీవీల సంబరం! నిన్నటిదాకా అతిథుల్ని తిట్టిన నోళ్ళే కళ్ళొత్తుకున్నాయి. తండ్రి కోసం పాడిన రాజ్‌కోట్ అన్నాయి. బిడ్డ కడసారి చూపు కూడా దక్కనివ్వని తేదీలు వేసినవాళ్ళెవరు, బయటికి రండి అన్నాయి. అవే ఎర్రబాణాలు, అదే దేశపటం, తిట్లు మాత్రం ఇటు తిరిగాయి. దినకర్‌భాయ్‌కైతే కాలు నేలమీద ఆనడం లేదు. పాడమన్నది మన పత్రికే కదా, మొదటి పేజీలో వేద్దామన్నాడు. మనం పాడమన్నది ఎందుకో మీకు తెలుసు కదా అని కిరీట్ అంటే, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, చచ్చిన పిల్ల తండ్రికే లేని అభ్యంతరం నీకేమిటయ్యా అన్నాడు.

కిరీట్ ఆ రాత్రి నిద్రపోలేదు. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసి, జీవితంలో మొదటిసారి కింద తన పేరు పెట్టి, తెల్లారగానే జేబులో పెట్టుకుని జట్టు దిగిన హోటల్‌కి వెళ్ళాడు. ముందు అతనికి చెప్పి, తర్వాత అచ్చువేయాలని ఆయన ఉద్దేశం. సామాన్లు బస్సెక్కుతున్నాయి. ఫరాయ్ కింద హాల్లో ఒక మూల సోఫాలో టీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

కిరీట్ నిలబడే చెప్పాడు. పాట మీ పాప కోసం కాదు, మిమ్మల్ని వెక్కిరించడానికి, ఆ రాత నాది అన్నాడు.

"తెలుసు," అన్నాడు ఫరాయ్. "నిన్న బస్సులో డ్రైవరు ఆ పేపరు చూసి నవ్వుతుంటే గోహిల్‌గారిని అడిగాను. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. నేను టోపీ తీసింది కూడా జనం మొహాన విసిరికొడదామనే. ఆ ఆడవాళ్ళ గొంతులు విని చెయ్యి రాలేదు."

"ఇంకొకటుంది. ఏదో కారణం ఉంది, రాయొద్దని గోహిల్ నాకు ముందే చెప్పాడు. ఒకళ్ళ ఇంటి విషయమన్నాడు. తెలిసీ రాశాను."

ఈ సంగతి ఫరాయ్‌కి తెలియదు. చాలాసేపు కిరీట్ మొహంలోకి చూశాడు. కొడతాడేమో, కొడితే బాగుండును అనుకున్నాడు కిరీట్. ఫరాయ్ చెయ్యి చాపి ఆ కాగితం అడిగాడు. అది గుజరాతీ, అతనికి అక్షరం రాదు. అయినా పైనుంచి కిందిదాకా చూసి, మడిచి వెనక్కిచ్చాడు.

"దీన్ని అచ్చువెయ్యకండి."

"వెయ్యకపోతే నేను బతకలేనండీ."

"బతుకుతారు. నా భార్య నిన్నటిదాకా నాతో మాట్లాడలేదు. పాట విన్నాక ఫోన్ చేసి, అంతమంది మన రూవా కోసం పాడారా అనడిగింది. అవునన్నాను. మీది అచ్చయితే రేపటికి ఆవిడకి చేరిపోతుంది. మీకు బరువు దిగుతుంది, ఆవిడకి మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది."

బస్సు దగ్గర నుంచి ఎవరో ఫరాయ్‌ని పిలిచారు. అతను లేచి, సంచీ భుజాన వేసుకుని, మళ్ళీ ఆగాడు.

"టీవీలన్నీ తేదీలని తిడుతున్నాయి కదా. మొన్న సాయంత్రం ఆరింటికి ముంబయికి విమానం ఉంది. మేనేజర్ టికెట్ కూడా తీశాడు. నా కోసం పాపని మట్టి చెయ్యడం ఆపుతామని ఇంటినుంచి చెప్పారు. అంత చిన్న పెట్టె చూడలేక నేనే వెళ్ళలేదు. దారి దొరకలేదని ఆవిడకి చెప్పాను. నాదీ మీరు రాయకండి."

బస్సు వెళ్ళిపోయింది. కిరీట్ రోడ్డు మీద నిలబడి కాగితాన్ని ముక్కలు ముక్కలు చేశాడు. ఆఫీసులో దినకర్‌భాయ్ ఎదురు చూస్తున్నాడు. ఢిల్లీ పత్రికలు కూడా మన వ్యాసం అడుగుతున్నాయి, ఆ తేదీలు ఒక తండ్రిని బిడ్డకి ఎలా దూరం చేశాయో నువ్వే రాయాలి, ఈసారి పేరు కూడా వేద్దాం అన్నాడు. కిరీట్ కూర్చుని రాశాడు. గువాహటి నుంచి తిరువనంతపురానికి ఎంత దూరమో, అక్కణ్ణించి రాజ్‌కోట్‌కి ఎంత దూరమో లెక్కకట్టి రాశాడు. తప్పంతా ఆ తేదీల మీదే పెట్టాడు. విమానం ఊసెత్తలేదు.

మర్నాడు పొద్దున ఆయన భార్య రసీలా వంటింటి గడపలో కూర్చుని ఆ వ్యాసం చివరిదాకా చదివింది. చదివి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన రాసిన దాని గురించి ఆవిడ ఒక్క మాట అని ఎరగదు.

"ఇంత మంచి మనసున్నవాడివని ఇన్నాళ్ళూ నాకే తెలీలేదు," అని ఆయన చెయ్యి పట్టుకుంది.

కిరీట్ మెల్లగా ఆ చెయ్యి విడిపించుకుని, మొహం కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళాడు.