ఏసీ ఆపిన కచేరీ

హఫర్ అల్ బాతిన్ ఊరికి పోవడమంటే మళ్ళీ కొత్త కఫీలు, అంటే కొత్త యజమాని, కొత్త రూము, కొత్త మనుషుల గురక, పోనీ ఎగ్జిట్ మీద ఇంటికి పోతే అక్కడ నన్నెవడు పిలిచి పనిస్తాడు, సూపర్‌వైజర్ సర్దార్ భాయ్‌కేం, ఎంత తేలిగ్గా చెప్పేశాడు, మన కంపెనీ సర్కారు రెడ్ లిస్టుల పడ్డది సదానందం, సౌదీలను సరిపోను పెట్టుకోలేదని మన ఇకామా పర్మిట్లు రెన్యువల్ చెయ్యకుండ ఆపిండ్రు, నకల్ తీసుకొని కొత్త కఫీల్ కిందికి మారి హఫర్ పోతవా, ఎగ్జిట్ కొట్టియ్యాల్నా, కచేరీ అయ్యేలోపల చెప్పు, కొత్త కఫీల్ మనిషి గేటుకాడ కూసున్నడు అని, కూర్చోనీ, నా బతుకు వాడి చాయ్ చల్లారేలోపు తేలాలా, ఇదేం కచేరీయో, వందేళ్ళ కింద ఈ తెల్ల ప్రొఫెసర్ల దేశపు యూనివర్సిటీలో ఒక సాయంత్రం వాయించిన పాటలే, అదే వరసలో, ఇప్పుడు రియాద్ మలాజ్‌లోని వీళ్ళ కాంపౌండులో ఒక ముసలాయన వాయిస్తున్నాడు, అప్పటి ఆర్గన్‌కు గోడంత గొట్టాలుండేవట, ఇది కరెంటు పెట్టె, చేతులకు మెట్లు, కాళ్ళకూ మెట్లు, పాటకు కాళ్ళతో ఏం పని, వెనక గదిలో నా డ్యూటీ ఒక్కటే, ఏసీ చప్పుడు చేయకూడదు, హఫర్‌లో ఎండ ఎట్లుంటుందో, నా పెళ్ళాం ఊర్మిలకు ఏమని చెప్పాలి, ఇంటికి వస్తున్నా అంటే సంతోషిస్తుందా, భయపడుతుందా, అదేమిటి, ఆ గూం...

అయ్యో, బ్లోయర్ బేరింగ్ పోయింది, పొద్దున్నే గ్రీసు పెట్టాను గదరా దేవుడా, గోడ చెక్కంతా వణుకుతోంది, ఇంకాస్త ఉంటే షాఫ్ట్ పట్టేస్తుంది, పరుగెత్తి ఏసీ బ్రేకర్ కిందికి కొట్టాను, బ్లోయర్ ఆగింది, జాలీల్లోంచి వచ్చే గాలి ఆగింది, గూం మాత్రం ఆగలేదు, ఇంకా లోతుకు దిగింది, తలుపు సందులోంచి చూస్తే ముసలాయన ఎడమకాలు ఒక మెట్టుమీద అట్లాగే తొక్కిపట్టి ఉంది, ఛీ నా చెవిలో మన్నుపడ, అది పాటే, సూట్లవాళ్ళు అట్టముక్కలతో విసురుకుంటున్నారు, సర్దార్ భాయ్ ఉరికొచ్చి, అరే క్యా కియా రే, పిచ్చిలేసిందా, ఏసీ ఎందుకు బంద్ చేసినవ్ అంటున్నాడు, బేరింగ్ అనుకున్న భాయ్ అన్నాను, ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

ఏసీ లేని గదిలో ఆ స్వరం పొట్టలో తగులుతోంది, దానిమీద సన్నగా ఇంకొకటి ఎక్కుతోంది, అయినా నా చెవి ఇంకా దేనికోసమో వెతుకుతూనే ఉంది, ఎక్కడ ఒరుసుకుంటోంది, ఎక్కడ వదులైంది అని, మొన్న ఫోన్‌లో కావ్య బడి పాట పాడుతుంటే కూడా ఇంతే, మధ్యలో ఆపి, బిడ్డా ఆ టకటక ఏంది, ఫ్యాన్ బేరింగ్ పోయినట్టుంది, మీ అమ్మకు చెప్పి మార్పియ్ అన్నాను, పిల్ల ఫోన్ పక్కన పెట్టేసింది, ఊర్మిల అందుకుని, పిల్ల పాడుతుంటె నీకు ఫ్యాన్ ఇనవడ్డదా అని ఫోన్ పెట్టేసింది, నేనేమో ఫ్యాన్ సంగతి అంత దూరంనుంచి పట్టేశానని రూములో గొప్పగా చెప్పుకున్నాను, సిగ్గులేని మనిషిని, జల్ది చెప్పు సదానందం, గేటుకాడ మనిషి పోతనంటుండు, హఫర్ ఖాయమేనా అంటున్నాడు సర్దార్ భాయ్, ఏసీ మళ్ళీ వేయడానికి చేయి బ్రేకర్ మీద పెడుతున్నాడు, నేను ఆ చేయి పట్టుకున్నాను, వద్దు భాయ్, పాట అయిపోనీ, హఫర్ వద్దు, ఎగ్జిట్ కొట్టియ్, చెమట కళ్ళలోకి కారుతోంది, కావ్య ఏ పాట పాడిందో గుర్తులేదు, ఒక్క ముక్క కూడా గుర్తులేదు, నా బిడ్డ పాడితే గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు.