సరిపోయిందన్న మాట

దర్జీ ఆవిడ గుండుసూదులు నలభై. అడుగున అయస్కాంతం ఉన్న గిన్నెలో ఉంటాయవి. బట్టకు గుచ్చేముందు నలభై, ఇస్త్రీపెట్టె ఎత్తేముందు నలభై. ముప్పై తొమ్మిది వస్తే ఆ బట్ట దుకాణం గడప దాటదు. ఎప్పుడో ఒక కోటు మెడపట్టీలో మిగిలిపోయిన సూది ఒక బడిపంతులు మెడను గీరింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు గాని ఆమె ఊరుకోలేదు. ఆనాటి నుంచీ ఈ లెక్క.

"రోజూ హాజరు వేస్తున్నావు, పేర్లు కూడా పెట్టేశావా అక్కా వీటికి?" అని చెల్లెలు ఎగతాళి చేసేది.

ఆ చెల్లెలి కడుపులోనే, ఆపరేషనులో రక్తం అద్దే గాజుగుడ్డ ముక్క ఒకటి వదిలేసి కుట్లు వేశారు.

గర్భసంచి తీసే ఆపరేషను. పెద్దదేమీ కాదన్నారు. ఆ తర్వాత ఆరు వారాలు ఆమె కడుపు పట్టుకునే తిరిగింది. మొదట రెండుసార్లు "కుట్లు మానే నొప్పి" అన్న సర్జను, మూడోసారి వెళ్ళేసరికి "నొప్పి కడుపులో లేదమ్మా, మనసులో ఉంది" అన్నాడు. ఇంకో ఆసుపత్రిలో మళ్ళీ కోసి, అరచేయంత గుడ్డను తీసి పళ్ళెంలో పెట్టి చూపించారు. అప్పటికే రక్తమంతా విషమైంది. పదకొండో రోజున చెల్లెలు పోయింది.

ఇది జరిగి మూడేళ్ళు. ఈ మూడేళ్ళూ ఆమె ఆ సర్జను ముఖాన్ని తలచుకోలేదు, చేతుల్నే తలచుకుంది. ఆ చేతుల్లోంచి కత్తి ఊడిపోవాలి. వాటికి మళ్ళీ ఎన్నడూ ఆ పని దొరకకూడదు. నష్టపరిహారం మాట ఎత్తిన ప్రతిసారీ తన లాయరమ్మ మీద విరుచుకుపడింది. కోపం కాలంతో పాటు కరుగుతుందని చాలామంది చెప్పారు. ఆమె కరగనివ్వలేదు. పొద్దున్నే సూదుల్ని తడిమి చూసుకున్నట్టే దాన్నీ తడిమి చూసుకునేది, ఉందా లేదా అని. ఉండేది.

దావాకు అడ్డుపడుతున్నది ఒకే ఒక్క మాట. ఆసుపత్రి కాగితంలో, గాజుగుడ్డల లెక్క అనే గడిలో "సరిపోయింది" అని రాసి ఉంది. పక్కన థియేటరు నర్సు సంతకం.

"సర్జను వాదన చాలా తేలిక," అంది లాయరమ్మ. "అడిగాను, సరిపోయిందంది, నమ్మాను, కుట్టాను. అంతే. ఆ నర్సును అప్పుడే ఉద్యోగంలోంచి తీసేశారు. మొత్తం ఆమె నెత్తిన రుద్ది చేతులు దులుపుకుంటున్నారు."

"ఆ చేతుల్ని దులుపుకోనివ్వను."

"అనుకుంటే అయిపోతుందా అండీ? ఆమె నోరు విప్పాలి కదా."

విచారణ ఇంకా పది రోజులుందనగా, నర్సు తానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం, చేతిలో లోపలి గుడ్డ చిరిగిన కోటుతో. కోటు బల్ల మీద పెట్టి, కొలతలేవీ అడగకముందే చెప్పేసింది.

"మీ చెల్లెలి ఆపరేషన్‌లో ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేనే."

చేతిలోని కత్తెర కింద పెట్టడానికి దర్జీ ఆవిడకు కొంతసేపు పట్టింది.

"ఏడవడానికైతే బయట మెట్లున్నాయి. అక్కడ కూర్చుని ఏడువు."

"ఏడుపు ఎప్పుడో అయిపోయిందక్కా. చెప్పడానికి వచ్చాను."

"అక్కా అని పిలవకు."

"సరేనండి."

నర్సు నిలబడే చెప్పింది. "ఇరవై ముక్కలు లోపలికెళ్ళాయి. తీసినవి పద్దెనిమిది దాకా లెక్కపెట్టాను. ఇంతలో దారం తక్కువైందని ఆయన విసుక్కున్నారు. పరుగెత్తి ఇంకో పొట్లం తెచ్చి అందించాను. అప్పుడే అడిగారు, సరిపోయిందా అని. దారం గురించే అనుకున్నానండి. సరిపోయిందన్నాను. ఆయనేమో లెక్క సరిపోయిందనుకున్నారు. కుట్టేశారు."

"మరి కాగితం మీద రాశావుగా?"

"అది పొద్దున్నే రాసేస్తామండి. రోజుకు తొమ్మిది ఆపరేషన్లు. గడులన్నీ ముందే నింపి పెట్టుకునేవాళ్ళం. లెక్క తేలేదాకా ఆగమంటే ఆయనే, 'ఇది ఆపరేషన్ థియేటరా, కిరాణా కొట్టా?' అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు." ఆమె బల్ల మీది కోటు మడత సరిచేసింది. "నేనూ నవ్వేదాన్ని."

మూడేళ్ళుగా దర్జీ ఆవిడ ఒక దుర్మార్గుణ్ణి ద్వేషిస్తూ వచ్చింది. ఇప్పుడు చేతికి దొరికింది ఒక మాట, అదీ తన దుకాణంలో రోజుకు పదిసార్లు వినబడేదే. కోటు తొడుక్కున్న ప్రతివాడూ అద్దంలో చూసుకుని సరిపోయిందంటాడు. ఆమె నమ్మదు. భుజం కింద రెండు వేళ్ళు దూర్చి చూస్తుంది. ఆ సర్జను మాత్రం నమ్మాడు. నమ్మడం తేలిక గనక నమ్మాడు. చెవి పొరపాటు పడితే క్షమించవచ్చునేమో. కాని పొరపాటును పట్టుకోగల ఒకే ఒక్క పనిని నవ్వులపాలు చేసినవాణ్ణి ఎలా క్షమించడం? కోపానికి కారణం మారింది గాని, కోపం ఇసుమంతైనా తగ్గలేదని ఆమె గమనించింది. అందుకు కొంచెం సిగ్గుపడింది కూడా.

"ఇదంతా కోర్టులో చెప్తావా?"

"చెప్తాను. చెప్తే నన్నెవరూ పనిలో పెట్టుకోరంటున్నారు. చెప్పకపోయినా పెట్టుకోలేదు కదండీ."

కోటు లోపలి గుడ్డ ఆ రోజే కుట్టి ఇచ్చింది. ఇచ్చేముందు సూదులు లెక్కపెట్టింది. నర్సు కళ్ళు వాల్చకుండా చూస్తూ నిలబడింది.

నర్సు వాంగ్మూలం చేరిన మూడోనాడే అవతలివాళ్ళు రాజీ అన్నారు. లాయరమ్మ గదిలో కూర్చున్నారు: పొడుగాటి బల్ల, నాలుగు గ్లాసుల నీళ్ళు, ఎవరూ ముట్టుకోని బిస్కెట్ల పళ్ళెం. సర్జను చేతుల్ని ఆమె అంత దగ్గరగా చూడటం అదే మొదలు. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. వేళ్ళు ఒకదాని మీద ఒకటి, పని ముగించుకున్నవాటిలా పడి ఉన్నాయి.

"డాక్టరు గారు వృత్తి మానేస్తున్నారు," అన్నాడు ఆయన తరఫు లాయరు. "మళ్ళీ కత్తి పట్టనని రాసిస్తారు. మొదటి రోజు నుంచీ మీరడిగింది అదే కదమ్మా? ఇక కేసు దేనికి?"

లాయరమ్మ బల్ల కింద ఆమె మోకాలు తట్టింది. గెలిచామన్నట్టు.

అప్పుడు సర్జను నోరు విప్పాడు. "మూడేళ్ళుగా నాకూ నిద్ర లేదమ్మా. థియేటరులోకి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు. వదిలేస్తే హాయిగా ఉంటుందనిపించింది."

"హాయిగానా?" అంది దర్జీ ఆవిడ.

ఆమె ముందున్న నీళ్ళ గ్లాసును పక్కకు జరిపింది.

"మానడానికి వీల్లేదు. జరిగింది జరిగినట్టు కోర్టులో అందరి ముందూ మీ నోటితో చెప్పండి. చెప్పి, మళ్ళీ ఆ గదిలోకే వెళ్ళండి. రోజుకు తొమ్మిది చెయ్యొద్దు, నిదానంగా లెక్కపెట్టుకోగలిగినన్నే చెయ్యండి. కుట్లు వేసేముందు రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి. నర్సుతో పాటు మీరూ పైకి లెక్కపెట్టాలి, ఒకటి నుంచి. ఎన్ని వెళ్ళాయో అంకె చెప్పాలి, ఎన్ని వచ్చాయో అంకె చెప్పాలి. తేడా వస్తే దొరికేదాకా కుట్లకు చెయ్యి దించకూడదు. సరిపోయింది అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాకూడదు. మీరు తీసేసిన అమ్మాయిని మళ్ళీ పెట్టుకోవాలి. ఆమె ఆగమంటే ఆగాలి."

"ఎన్నాళ్ళు?" అన్నాడు సర్జను.

"చేతులు ఆడినన్నాళ్ళు."

"ఇది శిక్షా, సంస్కరణా అమ్మా?" అని అవతలి లాయరు నవ్వబోయాడు.

"ఏ పేరు పెట్టుకుంటారో మీ ఇష్టం."

సర్జను బల్ల మీంచి చేతులు తీసేసుకున్నాడు. "లెక్కపెట్టిన ప్రతిసారీ నాకు మీ చెల్లెలే గుర్తొస్తుంది."

"ఆ. అందుకే."

మెట్లు దిగుతూ లాయరమ్మ తల కొట్టుకుంది. "కత్తి లాగేయండి, కత్తి లాగేయండి అని మూడేళ్ళు నా ప్రాణాలు తోడేశారు. తీరా వాడే వదిలేస్తానంటే వద్దంటారా!"

"వదిలేస్తే ఇంటికెళ్ళి నిద్రపోతాడు."

షరతులన్నీ కోర్టు ఉత్తర్వులోకి ఎక్కాయి. సర్జను నిండు కోర్టులో తలవంచుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఏడాది తిరిగేసరికి ఆ లెక్క పద్ధతిని మరో రెండు ఆసుపత్రులు పెట్టుకున్నాయి. ఎంత గొప్ప మనసమ్మా అన్నారు చాలామంది. డాక్టర్ల సంఘం సభ పెట్టి పొగుడుతామంది. ఆమె వెళ్ళలేదు. చేసిన మేలు మేలే, కాదనలేదు. కాని అది ఏ గుండెలోంచి వచ్చిందో ఆమెకు తెలుసు. క్షమించినదానికి దక్కాల్సిన పొగడ్త, పగ తీర్చుకున్నదాని ఇంటికి వస్తోంది.

ఒక సాయంత్రం నర్సు కొత్త కోటు తొడిగి చూసుకోవడానికి వచ్చింది. ఎవరూ అనుమతి ఇవ్వకుండానే మళ్ళీ అక్కా అనడం మొదలుపెట్టి చాలా రోజులైంది.

"నిన్న పంతొమ్మిదే వచ్చాయక్కా," అంది, చెయ్యి కోటులోకి దూరుస్తూ. "ఆయన చేతులు పైకెత్తి నిలబడ్డారు. పళ్ళేలు వెతికాం, నేల వెతికాం. ఆఖరికి ఆయనే మళ్ళీ లోపల వెతికారు. పేగు వెనకాల ఉంది. తీసి ఇరవై అనగానే ఆయన కళ్ళ వెంట నీళ్ళు. తుడుచుకోవడానికి కూడా చేతులు ఖాళీ లేవు పాపం."

"ఎంతసేపు నిలబడ్డాడు?"

"నలభై నిమిషాలు."

దర్జీ ఆవిడ ఆ నలభై నిమిషాలనూ మనసులో నిదానంగా నడిపించి చూసుకుంది. ప్రతి నిమిషమూ రుచించింది. ఆ తర్వాత గాని, బల్ల మీద పడుకున్న మనిషి సంగతి తాను అడగనే లేదని తట్టలేదు.

"ఆవిడ ఎలా ఉంది?"

"బాగానే ఉంది. పొద్దున్నే లేచి కూర్చుని, కాఫీ చల్లారిందని వార్డంతా హడలగొట్టింది. ఏ గండం తప్పిందో ఆవిడకి తెలీదు."

తెలియకపోవడమంటే అదే, అనుకుంది దర్జీ ఆవిడ. కాఫీ చల్లారిందని ఎవరి మీదో విసుక్కోగలగడం. తనలో కదిలింది సంతోషమా, అసూయా అని వెతికి చూసుకుంది గాని విడదీయలేకపోయింది.

నర్సు అద్దం ముందు ఇటూ అటూ తిరిగి, భుజాలు సర్దుకుని, తన మామూలు ఉత్సాహంలో ఉన్నచోటు మరచిపోయి అనేసింది: "సరిపోయిందక్కా!"

అని నాలుక కరుచుకుంది.

దర్జీ ఆవిడ గిన్నెలోకి చూసింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ముప్పై తొమ్మిది.

"కదలకు," అని కోటు భుజం కింద రెండు వేళ్ళు దూర్చింది. "ఇంకొకటి దొరకాలి."